సైకిల్ సొల్యూషన్‌తో అతికించిన మట్టి రైతు

మేం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు... ఓ పొద్దున మట్టెవాడలో మా ఇంటి ముందు, బాపు తన సైకిల్ క్యారియర్‌కు ఒక చెక్కపలకను తాడుతో కడుతున్నాడు. ఆ పలక మీద మా అన్న చేసిన ఊరు ఉంది. మట్టితో చేసి, ఎండబెట్టి, రంగులేసి, తుమ్మబంకతో అతికించిన బొమ్మలు... నాగలి పట్టిన రైతు, జోడెడ్లు, నాట్లేసే ఆడవాళ్ళు, నెత్తిన సద్దిగంపతో ఒకామె.

ఆ రోజు బడిలో సైన్స్ ఎగ్జిబిషన్. అన్న ఏడో తరగతి. బల్ల సర్దుకోవాలని ముందే బయల్దేరుతూ, "బాపూ, సైకిల్ తొక్కకు... మెల్లగ నడిపిచ్చుకుంట తీస్కరా" అన్నాడు.

"గట్లనే తియ్యి" అన్నాడు బాపు.

బాపు బట్టల దుకాణంలో గుమస్తా. ఆలస్యమైతే సేటు ఊరుకోడు. సందు చివరిదాకా నడిపించాడు... ఆ తర్వాత నన్ను ముందు రాడ్డు మీద కూర్చోబెట్టుకుని తొక్కడం మొదలుపెట్టాడు.

బడికి కొంచెం దూరంలో చక్రం గుంటలో పడింది. వెనక టపటపమని చప్పుడు... దిగి చూస్తే సగం బొమ్మలు ఊడి దుమ్ములో పడున్నాయి. పలక మీద బంక మరకలే మిగిలాయి. ఏ మరక ఎవరిదో తెలియదు.

ఎదురుగా పంక్చర్ల దుకాణం ఉంటే, బాపు సొల్యూషన్ అడిగి తీసుకుని ఒక్కోటీ అతికించసాగాడు. "ఈమె ఏడ ఉండెనే?" అని నన్నడిగాడు. నాకూ గుర్తులేదు... అయినా తెలిసినట్టే వేలు పెట్టి చూపించాను.

"జర ఆరనియ్యన్నా, గిట్లనే తీస్కపోతే మల్ల ఊడుతయ్" అన్నాడు దుకాణం అతను. బాపు ఆగలేదు.

బడిలో పలకను బల్ల మీద పెట్టామో లేదో, బహుమతులు నిర్ణయించే సార్లు అక్కడికే వచ్చారు. ఒక సారు వంగి చూసి నవ్వాడు. "ఏందిరా, నీ రైతు ఎడ్లకు వీపు పెట్టి దున్నుతాండు?"

పిల్లలంతా గొల్లున నవ్వారు. అన్న గాబరాగా రైతును తిప్పబోతే, బొమ్మ చేతికే ఊడివచ్చింది. వాడు బాపు వైపు ఒక్కసారి చూశాడు, అంతే. అంత తొందరపడ్డ బాపు, గది గుమ్మం దగ్గరే చాలాసేపు నిలబడిపోయాడు.

తర్వాత అన్న బాపుతో మాట్లాడటం మానేశాడు. అన్నం ముందు కూర్చున్న బాపు సగంలోనే లేచేవాడు. అమ్మ అడిగితే "ఏం లేదు" అనేవాడు.

ఆదివారం బాపు పలకను అరుగు మీద పెట్టి, నిప్పుల మీద లక్క కరిగించాడు. "కొడుకా... ఎవలు ఏడ ఉండాలెనో నువ్వే చెప్పు. నువ్వు చెప్పినట్టే పెడ్త."

అన్న గడప దగ్గరే ఆగి చూశాడు. చివరికి వచ్చి పక్కన కూర్చుని, వేలితో చూపించసాగాడు. బాపు ఒక్కో బొమ్మ అడుగున లక్క అద్ది, ఆ చోట ఆనించి, చల్లారేదాకా పట్టుకున్నాడు. వేళ్ళు చురుక్కుమన్నా తీయలేదు.

అన్నీ అయ్యాక, తల ఎత్తకుండానే అన్నాడు... "నడిపిచ్చుకుంట తెమ్మంటివి. నేనే ఇనలేదు. తప్పు నాదే బిడ్డా."

బడిలో ఏడవని అన్న అప్పుడు ఏడ్చాడు. "అయిపాయె గద బాపూ... ఇగ ఎవలు చూస్తరు?"

బాపు రైతు బొమ్మ గట్టిగా అతుక్కుందో లేదో మరోసారి నొక్కి చూశాడు.

ఆ రోజుల్లో తండ్రులు పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం నేను ఇంకెక్కడా వినలేదు. ఇప్పుడు మేం మా పిల్లలకు మాటకు ముందు సారీ చెబుతున్నాం... చెప్పి, ఆ క్షణమే మరిచిపోతున్నాం కూడా. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎప్పుడైనా మీ ముందు అలా తల దించుకున్నారా... గుర్తుంటే కింద రాయండి.