రాగికి పట్టిన తుప్పు

సింగపూర్ చరిత్రను ఒక ఏడాది వెనక్కి జరపబోయి, మా ఆవిడ దగ్గర నా పరువును పాతాళానికి జరుపుకున్న కథ ఇది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆవిడ నవ్వినంత మీరు ఎలాగూ నవ్వలేరు.

కొన్నేళ్ల కిందట నాకు లోహాలు వెతికే యంత్రం పిచ్చి పట్టింది. పొడుగాటి కర్ర, దాని చివర పళ్లెం లాంటి చట్రం, చెవులకు హెడ్‌ఫోన్లు. ఇసుక మీద ఊపుకుంటూ నడిస్తే కింద లోహం ఉన్నచోట కుయ్యిమంటుంది. ఎవరో వాడి వదిలేసినదాన్ని చవగ్గా కొని యీషున్‌లోని మా ఫ్లాట్‌కు మోసుకొచ్చాను. మా ఆవిడ సుజాత దాన్ని గుమ్మంలోనే ఆపేసింది.

"ఏంటండీ ఇది? ఇల్లు ఊడ్చేదా?"

"కాదు, నిధులు వెతికేది."

"అయితే ముందు మీ సాక్సు రెండోది ఎక్కడుందో వెతకమనండి."

"సాక్సులో లోహం ఉండదు సుజాతా."

"వాసన చాల్లెండి, అదే కుయ్యిమంటుంది."

ఇలాంటి ప్రోత్సాహంతో నేను ప్రతి శనివారం పొద్దున్నే సెంబవాంగ్ బీచ్‌కు వెళ్లడం మొదలుపెట్టాను. అంతకు ముందు ఏడాది ఒక ఇంటి పని మీద ఆ బీచ్‌కు ఒకే ఒక్కసారి వెళ్లి ఉన్నాను. ఆ పనేమిటో తర్వాత చెప్తాను, తొందరపెట్టకండి.

మొదట్లో సీసా మూతలు, డబ్బాల రింగులు, ఒక వంకర స్పూను దొరికాయి. తర్వాత ఒక శనివారం, ఒక చెట్టు మొదట్లో యంత్రం కుయ్యిమనడం మానేసి ఏకంగా ఏడుపు లంకించుకుంది. తవ్వాను. నాలుక ఊడిపోయిన చిన్న ఇత్తడి గంట! ఇంకాస్త తవ్వాను. సొట్టపోయిన దీపపు కుంది! నా చేతిలో ఉన్న పార చూస్తే పిల్లలు ఇసుకలో ఆడుకునే పార. పెద్దది కొనుక్కురావాలంటే ఈలోగా గుంటను ఎవరైనా ఆక్రమిస్తే? ఇక్కడి హాకర్ సెంటర్లో తిండి కొనుక్కొచ్చేలోగా కుర్చీ మీద పెట్టినట్టు, గుంట మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసి, అంటే మన బస్సుల్లోలా కర్చీఫ్ వేసి మరీ వెళ్లాను. ఈ దేశంలో టిష్యూ ప్యాకెట్‌ను మించిన రిజిస్ట్రేషన్ పత్రం లేదు.

తిరిగొచ్చి తవ్వితే జరీ పోగులున్న ఎర్ర గుడ్డ పీలిక, దాని కింద నాణెం.

ఒకవైపు రాముడి పట్టాభిషేకం. సీత, లక్ష్మణుడు, కింద ఆంజనేయుడు. రెండోవైపు ఇంగ్లీషులో కంపెనీ పేరు, ఒక అణా, 1818. నిండా ఎర్రెర్రటి మచ్చలు. రెండు వందల ఏళ్ల చిలుము అంటే ఇదేననుకుని ముద్దుపెట్టుకోబోయి, ఇసుక ఉందని ఆగాను.

ఇప్పుడు నా బుర్ర పనిచేసిన తీరు చూడండి. ఇంగ్లీషు దొర ఇక్కడ ఓడ దిగింది 1819లో. మా అమ్మాయి స్కూలు పుస్తకంలో కూడా ఉంది. నాణెం మీద ఉన్నది 1818. అంటే దొరగారు కాలు పెట్టేసరికే ఇక్కడ మనవాడొకడు దీపం వెలిగించి, గంట కొట్టి, బహుశా పులిహోర కూడా పంచేసి ఉండాలి. వాడు తెలుగువాడేనని ఏమిటి గ్యారంటీ అంటారా? రాముడి పట్టాభిషేకాన్ని జేబులో వేసుకుని సముద్రం దాటేవాడు ఇంకెవడండీ! ఎర్ర గుడ్డ వాడి తలపాగాది.

మీకు చెప్పనేలేదు, నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇతరుల పనిలో తప్పులు పట్టుకున్నందుకు నాకు జీతమిస్తారు.

దొరికినవన్నీ పాత బూట్ల పెట్టెలో దాచాను. సుజాతకు కూడా చూపించలేదు. అందరి ముందూ ఒక్కసారిగా బయటపెట్టాలని, ఆవిడ నన్ను చూసి గర్వపడాలని నా ఆశ. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను ఆవిడను గర్వపడేలా చేసిన సందర్భం వెతకాలంటే ఆ యంత్రం కూడా చాలదు. నిజంగానే ఆ ఒక్క చూపు కోసం తహతహలాడిపోయాను.

బిషాన్‌లో ఉండే మూర్తి అంకుల్‌కు ఫోన్ చేశాను. పాత నాణేలు పోగుచేసే రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఆయన. నెలకోసారి మా తెలుగువాళ్ల భోజనాలు ఆయన ఇంట్లోనే.

"అంకుల్, ఈ ఆదివారం మీ ఇంట్లో చరిత్ర తిరగరాద్దాం!"

"రాద్దాంలేవోయ్. వచ్చేటప్పుడు పెరుగు పట్రా."

ఆదివారం వచ్చింది. "పట్టుచీర కట్టుకో, ఫొటోలుంటాయి" అని నేను చెబితే సుజాత నిజంగానే కట్టుకుంది. భోజనాలకు ముందు అందరినీ కూర్చోబెట్టి, దొర కన్నా ముందొచ్చిన తెలుగువాడి గురించి అనర్గళంగా మాట్లాడి, నాణేన్ని మూర్తి అంకుల్ చేతిలో పెట్టాను. ఆయన భూతద్దం పెట్టి చూశారు. అంచు మీద గోరు ఆనించి తిప్పారు.

"ఏమోయ్, ఈ ఎర్ర మచ్చలేంటి?"

"చిలుము అంకుల్!"

"చిలుము పచ్చగా కదటోయ్ ఉంటుంది? ఇది తుప్పు. రాగికి తుప్పెక్కడ పడుతుంది!"

ఆయన లేచి వెళ్లి ఫ్రిజ్ తలుపుకున్న డూరియన్ పండు బొమ్మ అయస్కాంతాన్ని పీక్కొచ్చి నాణెం దగ్గర పెట్టారు. టక్కున అతుక్కుంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ కలలో వినబడుతుంది.

"ఇనప బిళ్ల మీద రాగి పూత. అంచున అతుకు గీత కూడా ఉంది చూడు. కంపెనీవాళ్లు రాముడి బొమ్మతో అణాలెప్పుడూ వెయ్యలేదోయ్. గుళ్ల బయట పూసల దండలతో పాటు అమ్ముతారు ఇవి. శుద్ధ దొంగ నాణెం."

"ఎంత పాతదై ఉంటుంది?"

"నీకన్నా చిన్నదే."

బుద్ధున్నవాడైతే అక్కడితో ఆపి, పెరుగన్నం తినేసి ఇంటికెళ్లేవాడు. నేను మాత్రం పౌరుషం పొడుచుకొచ్చి బూట్ల పెట్టె బోర్లించాను.

"నాణెం దొంగదే అనుకుందాం అంకుల్! మరి ఈ గంట? ఈ కుంది? ఈ తలపాగా? ఇవన్నీ ఒకేచోట ఎలా దొరికాయంటారు?"

సుజాత లేచి వచ్చి కుందిని చేతిలోకి తీసుకుంది. సొట్ట మీద వేలు పెట్టింది.

"ఈ సొట్ట నేను చేసిందే" అంది నెమ్మదిగా. "చిన్నప్పుడు మెట్ల మీంచి జారవిడిచాను. ఇది మా అమ్మమ్మది."

నా ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. ఇందాక తర్వాత చెప్తానన్న ఇంటి పని ఇదే. అమ్మమ్మ పూజ సామాను, ఆ రాముడి బిళ్లతో సహా, పాతబడి పాడైపోతే, చేప ముళ్లతో పాటు ఫ్లాట్‌లోని చెత్త గొట్టంలో వెయ్యడానికి మనసొప్పక, సుజాత తన ఎర్ర జరీ ఓణీ ముక్కలో మూటకట్టి, కళ్లొత్తుకుంటూ నా చేతికిచ్చింది. "నడుం లోతు నీళ్లలోకి దిగి వదలండి" అంది. నేను వెళ్లాను. చినుకులు పడుతున్నాయి. చెత్త వేస్తే ఫైన్ అని బోర్డు. కాళ్లకు కొత్త బూట్లు. మూట విప్పనైనా విప్పకుండా దొరికిన చెట్టు కింద పాతేసి, పరోటా తిని, కుళాయి కింద ప్యాంటు తడుపుకుని ఇంటికొచ్చాను. వచ్చి అలల గురించి చాలా వర్ణించాను.

"మీరు నడుం లోతుకి దిగానన్నారు" అంది సుజాత.

"అది... అలలకు ఒడ్డుకు కొట్టుకొచ్చి..."

"కొట్టుకొచ్చి, తమంతట తామే చెట్టు కింద గుంట తవ్వుకుని పడుకున్నాయా?"

పదేళ్ల మా అమ్మాయి హాసిని, మాట చివర 'లా' తగిలించే సింగపూర్ ఇంగ్లీషులో తన వంతు సాక్ష్యం చెప్పింది. "డాడీ, యూ సెడ్ ద వేవ్ సో బిగ్! ఆల్మోస్ట్ డ్రౌన్ లా!"

మూర్తి అంకుల్ పాపం నన్ను గట్టెక్కించబోయారు. "పోనీలేమ్మా, దొంగ నాణెమేగా, వదిలెయ్."

"నాణెమొక్కటేనా అంకుల్?" అంది సుజాత చెయ్యి చాపి. "ఆ అయస్కాంతం ఓసారి ఇటివ్వండి, ఈయనక్కూడా పెట్టి చూద్దాం."

ఆ గదిలో లేచిన నవ్వు కింది అంతస్తు దాకా వినబడి ఉంటుంది. సుజాతా నవ్వింది. కానీ తిరుగు ట్రైన్‌లో ఆ బూట్ల పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చుని, "మీకు కుదరదంటే నేనే వెళ్లేదాన్నిగా" అంది. ఆ మాటకు నాకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. దొంగ నాణెమన్నందుకు అందులో పదోవంతు కూడా బాధపడలేదు.

గంటనూ కుందినీ ఆవిడ మళ్లీ సముద్రానికి పంపలేదు. చింతపండుతో తోమి దేవుడి అరలో పెట్టుకుంది. వాటి పక్కనే నాణెం కూడా. "దొంగ నాణెం కదా" అని గొణిగితే, "నాణెం దొంగదైతే రాముడేం చేశాడు?" అంది.

కాబట్టి పాఠక మహాశయులారా, సెంబవాంగ్ ఇసుక సాక్షిగా, ఆ టిష్యూ ప్యాకెట్ సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నేను పాతిపెట్టిన చోట నేను తవ్వను. అసలు పాతిపెట్టనే పెట్టను. యంత్రం అమ్మేశాను. చరిత్రను దాని మానాన వదిలేశాను.

డూరియన్ అయస్కాంతాన్ని మూర్తి అంకుల్ సుజాతకే బహుమానంగా ఇచ్చేశారు. ఇప్పుడది మా ఫ్రిజ్ మీద ఉంది. మొన్న ఆలస్యంగా ఇంటికొచ్చి "ఆఫీసులో మీటింగ్ తెగలేదు సుజాతా" అన్నానో లేదో, లోపల ఫ్రిజ్ దగ్గర టక్‌మని చప్పుడైంది. హాసిని అయస్కాంతం పట్టుకొచ్చి నా భుజానికి ఆనించింది.

"డోంట్ మూవ్ లా, డాడీ. టెస్టింగ్ ఓన్లీ."