రెండోసారి పగిలిన పొయ్యి

మా గ్యాస్ స్టవ్ ఈమధ్య ఒక్క తిప్పుకి వెలగడం మానేసింది. బాగుచేయడానికి వచ్చినాయన మా ఆవిడ చేత అయిదారుసార్లు తిప్పించి, ప్రతిసారీ "ఇంకొక్కసారండి" అన్నాడు. స్టవ్ వెలిగింది గానీ, ఆ పూట నాకు అన్నం సయించలేదు. ఆ మాట ఒకప్పుడు నేను వాడినది.

వారమంతా కాలేజీలో పాఠాలు చెప్పి, ఆదివారాలు సమాజాన్ని మార్చే రోజుల్లో, నేనూ ఒక మిత్రుడూ కలిసి పోలవరం ముంపు ఊళ్ళ మీద డాక్యుమెంటరీ తీశాం. ఆవేశం నాది, కెమెరా ఆయనది. రాజమండ్రి నుంచి వెళ్ళిన ప్రతిసారీ ఒక పెద్దావిడ మాకు అన్నం పెట్టేది. ఊరు ఖాళీ చేసే రోజున కూడా, సామానంతా ట్రాక్టరెక్కాక, మా ఇద్దరి కోసం ఒక గిన్నె కిందే ఉంచింది. మేం తిన్నాక, అత్తగారు వేసిన మట్టిపొయ్యిని ఏటి పాలు చేయకూడదంటూ, దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని, రోకలితో తానే పగలగొట్టింది. కన్నీళ్ళు పెట్టలేదు.

బయటికొచ్చి చూసుకుంటే కెమెరాలో మా చెప్పులున్నాయి. మిత్రుడు కంగారులో బటన్ రెండుసార్లు నొక్కాడట. పొయ్యి పగులుతున్నంతసేపూ హాయిగా నిద్రపోయిన కెమెరా, ఆపుదామని నొక్కినప్పుడు మేలుకుంది.

"ఇంకొక్కసారండి" అన్నాను.

"పగిలిపోయింది కదా బాబూ" అందావిడ.

మళ్ళీ నిలబెడదామన్నాను. ట్రాక్టరు డ్రైవరు హారన్ మోగిస్తూనే ఉన్నాడు. ఇంటికొచ్చినవాళ్ళమని కాదనలేక, ఆవిడ ఆ పెళ్ళల్ని తడిమట్టితో అతికించింది. బొట్టు నేనే పెట్టాను. ఈసారి రోకలి ఎత్తి, దించలేక, భోరుమంది; ఏడుస్తూనే పగలగొట్టింది. మిత్రుడు కళ్ళతోనే అద్భుతం అన్నాడు. నేనూ తలూపాను.

ఆ ఏడుపుని ఊరూరా హాళ్ళలో చూపించి శాలువాలు కప్పించుకున్నాం. ఉన్నది ఉన్నట్టు చూపామని నేను మైకులో చెప్పాను కూడా. సినిమా తెచ్చి మీకూ చూపిస్తామని ఆవిడకిచ్చిన మాట మాత్రం పదేళ్ళు దాటినా అలాగే ఉండిపోయింది.

స్టవ్ బాగైన మర్నాడే లాప్‌టాప్ పట్టుకుని పునరావాస కాలనీకి వెళ్ళాను. ఆ రోజుల్లో మేం కెమెరా తీస్తే ఊరంతా చుట్టూ మూగేది. ఇప్పుడు ఒక్కరూ తల తిప్పలేదు. ఎవరి గోడు వాళ్ళే ఫోనులో తీసి పంపుకుంటున్నారు, నాబోటివాడి ఆవేశంతో పని లేకుండా. అదే మంచిదనిపించింది, కాస్త బెంగగానూ అనిపించింది.

చూపు మందగించిన ఆ పెద్దావిడ తెరకి దగ్గరగా జరిగి, కోడలు తెచ్చిన టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, చివరిదాకా చూసింది. క్షమాపణ అడుగుదామని నేను గొంతు సవరించుకున్నాను. ఆవిడే ముందు మాట్లాడింది.

"గవర్నమెంటోళ్ళు మమ్మల్ని ఒక్కసారే ఖాళీ చేయించారు బాబూ. మీరు రెండోసారీ చేయించారు."