ఇసుకల పడ్డ గుడ్డు

హిమాయత్‌నగర్ అనే పల్లెల బడికి నేను సైన్స్ టీచరుగ వచ్చిన కొత్తల మొయినాబాద్ రోడ్డు మీద పొద్దుగాల ఇసుక లారీలు, కూలీల టెంపోలు ఒకదాని వెనుక ఒకటి పోయేటివి. గచ్చిబౌలి దిక్కు కంప్యూటర్ కంపెనీల బిల్డింగులు లేస్తున్న కాలం. మా పిల్లల తండ్రులు చాలామంది పొలం పని తగ్గించుకొని ఆ టెంపోలే ఎక్కేటోళ్లు. నేను మెహిదీపట్నంల బస్సెక్కి ఎదురు దిక్కు వచ్చేదాన్ని.

ఏడో తరగతిల శక్తి పాఠం వచ్చింది. గతిశక్తి, స్థితిశక్తి అని బోర్డు మీద రాస్తే పిల్లలు ఆవులిస్తున్నరు. సరే అని అందరిని బయటికి తోలుకపోయిన. పాత తొట్టిల తడి ఇసుక పోసి, ఇనుప గుండు ఒకటి ముందు మోకాలెత్తు నుంచి వేయించిన. చిన్న గుంట పడ్డది. బల్ల ఎక్కి వేస్తే ఇంకొంచెం లోతు. ఆఖరికి బడి స్లాబ్ మీదికి ఒకర్ని ఎక్కించిన.

"ఎంత పైన ఉంటే అంత శక్తి దాసుకుంటది. కింద పడేటప్పుడు అదంత బయటికొస్తది" అన్న.

గుండు పడంగనే ఇసుక ఎగిరింది, పిల్లలు చప్పట్లు కొట్టిన్రు. ఒక్క పిల్ల మాత్రం రెండు చెవులు మూసుకొని గోడ దిక్కు తిరిగి నిలబడ్డది. ఎప్పుడూ ముందు బెంచీల కూసొని అన్నిటికీ జవాబు చెప్పే పిల్ల. దగ్గరికి పోయి భుజం మీద చెయ్యేసిన.

పక్కనున్న దోస్తు చెప్పింది. "వాళ్ల బాపు రెండో అంతస్తు నుంచి పడ్డడు టీచర్. బిల్డింగ్ కాడ సెంట్రింగ్ పనిల."

ఆ పూట పాఠం అక్కడికే ఆపిన.

తెల్లారి ఆ పిల్లే స్టాఫ్‌రూం తలుపు కాడికి వచ్చింది. తల దించుకునే అడిగింది. "టీచర్, ఇసుక మీద పడ్డోళ్లకు దెబ్బ తాకదా?"

"ఎందుకు బిడ్డా?"

"మా బాపు ఇసుక కుప్ప మీద పడ్డడు. మా నానమ్మ రోజూ అంటది, మెత్తటి ఇసుకల పడ్డోనికి ఇంకా ఏం నొప్పి, లేసి పనికి పోరాదా అని. బాపు గోడ దిక్కు తిరిగి పంటడు."

మాటలతోని చెప్తే ఆమెకు చాలదనిపించింది. మరునాడు కిరాణ దుకాణంల పచ్చి గుడ్లు కొని తెచ్చిన. ఒకటి బండ మీదికి, ఒకటి ఇసుకలకు, ఒకటి వరిగడ్డి కుప్ప మీదికి, అన్నీ అదే స్లాబ్ మీది నుంచి వేయించిన. "నీకు వద్దనిపిస్తే లోపల కూసో" అన్న ఆ పిల్లతోని. కూసోలే. కిందనే నిలబడి చూసింది.

బండ మీది గుడ్డు చిందిపోయింది. గడ్డిల పడ్డదానికి ఏం కాలే. ఇసుకల గుడ్డు సగం దిగబడి, చూపుకు మంచిగనే ఉన్నది. ఆ పిల్ల వంగి రెండు చేతులతోని తీసింది. తిప్పి చూస్తే అడుగున సన్నగ చిట్లి ఉన్నది.

"పైనుంచి తెచ్చుకున్న శక్తి మూడింటికి ఒక్కటే" అన్న. "బండ మీద అదంత ఒక్క దెబ్బకే పోయింది. గడ్డి లోపలికి దిగనిచ్చి మెల్లగ ఆపింది. ఇసుక జరంత దిగనిచ్చింది. గుడ్డు చిందకుండ కాపాడింది గని, చిట్లకుండ ఆపలేకపోయింది."

"టీచర్, ఇది నేను ఇంటికి తీస్కపోనా?"

టిఫిన్ డబ్బల గడ్డి పరిచి గుడ్డును పెట్టుకున్నది. సాయంత్రం నేను గూడ ఆమె వెంట పోయిన. తండ్రి మంచంల ఉన్నడు. దవాఖానల నడుము ఎముక చిట్లిందన్నరట, ముసలామె నమ్మలేదట. నానమ్మ వాకిట్ల చింతపండు గింజలు తీస్తున్నది. ఆ పిల్ల చెప్పులన్న ఇడువకుండ పోయి ఆమె ముందల కూసున్నది.

"నానమ్మా, ఇది మా బడి మీది నుంచి ఇసుకల పడ్డది. ఎట్లున్నదో చూడు."

"మంచిగనే ఉన్నది గదే."

"తిప్పి చూడు."

ముసలామె గుడ్డును తిప్పింది. సొన కారి అరచేయి తడిసింది. ఆమె చేతిని చూసుకున్నది. తర్వాత లేసి, చెయ్యి కడుక్కొని, పొయ్యి మీద నీళ్లు పెట్టింది. వేడి నీళ్లల బట్ట పిండుకొని కొడుకు మంచం కాడికి పోయింది.

"ఏ దిక్కు నొస్తుందిరా?" అనడిగింది.

ఆయన మొఖం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నడు. "కుడి దిక్కు అవ్వా" అన్నడు. నేను ఇంక అక్కడ ఉండలేదు, బస్సుకు టైం అయిందని చెప్పి వచ్చేసిన.

ఆయన మళ్ల సెంట్రింగ్ పనికి పోలే. లేసి తిరిగేటందుకే చాలా నెలలు పట్టింది. తర్వాత అజీజ్‌నగర్‌ల ఒక ఫాంహౌస్‌కు వాచ్‌మన్‌గ కుదిరిండు.

కొన్నేండ్లకు నాకు చేవెళ్లకు బదిలీ అయింది. ఒకనాడు బస్సుల ఒక అమ్మాయి లేసి నాకు సీటిచ్చింది. గుర్తుపట్టేదాక నవ్వుకుంట నిలబడ్డది. చేవెళ్ల కాలేజీల ఇంటర్ చదువుతున్నదట.

"బాపు ఎట్లున్నడు?" అన్న.

"సలికాలం వస్తే నడుం పట్టుకుంటది టీచర్. అట్లున్ననాడు మా నానమ్మ డ్యూటీకే పోనియ్యది" అన్నది.