శాలువా కప్పుకున్న ఫోటో

మా ఎదురింటి మేడమీద ఉండే ఫోటోల మనిషి గుమ్మంలో ఉల్లి చేలల్లో పనిచేసే వలస కూలీ ఒకావిడ రోజూ నిలబడుతోందని, వాళ్ళిద్దరి మధ్యా ఏదో ఉందని వీధంతా చెవులు కొరుక్కుంటోంది. ఏమీ లేదు. ఈ గడ్డుకాలంలో కూలీలు ఎలా బతుకుతున్నారో చూపించే ఫోటోలు తీయమని పత్రికవాళ్ళు అతనికి కెమెరా ఇచ్చారు, పని కాగానే పట్టుకుపోయారు. అతను నెమ్మదస్థుడు. ఎవరైనా గట్టిగా ఏదైనా అడిగితే చొక్కా అంచుతో కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంటాడు. ఆ రోజు ఫోటో అనగానే ఆవిడ తల దువ్వుకుని, పక్క గుడారంలో ఎర్ర శాలువా అడిగి తెచ్చి కప్పుకుని, నవ్వుతూ నిలబడిందట. ఇతను కెమెరా కంటికి పెట్టుకుని, మళ్ళీ దించి, శాలువా తీసేయమన్నాడు. రవిక చిరుగు కనబడేలా నిలబెట్టి, నవ్వొద్దన్నాడు. పత్రికలో ఆ ఫోటో చూసి, కూతురు పస్తులుంటోందని ఊళ్ళో తల్లి తిండి మానేసింది.

"నవ్వినప్పుడు తీసింది ఇవ్వయ్యా, మా అమ్మకి పంపాలి," అని ఆవిడ రోజూ వస్తుంది. "వెతుకుతున్నానమ్మా, రేపు రా," అని ఇతను రోజూ పంపేస్తాడు.

నిన్న నేనే మెట్లెక్కాను.

"ఏవయ్యా, ఆ ఫోటోని పెట్టెలో పెట్టి పొదుగుతున్నావా? అక్కడ ముసలిది ప్రాణం మీదకి తెచ్చుకుంటోంది. ఇచ్చెయ్యరాదూ?"

"లేదు పిన్నిగారూ. నవ్వే మొహానికి ఫిల్ము దండగని అప్పుడు నొక్కనే లేదు."