వంకర బాబాయ్ అట్టలు

బాబాయ్‌కి తిన్నగా ఉన్నదేదీ గిట్టదు. పాటల ఆల్బంలకు అట్టలు తయారు చేయించడం ఆయన వృత్తి. ఆయన అట్ట మీద బొమ్మ ఓ పక్కకు ఒరిగే ఉంటుంది, అంచు ఏటవాలుగానే తెగుతుంది. ఇంట్లో పిన్ని క్యాలెండర్ తగిలిస్తే, వస్తూ పోతూ వేలితో ఓ పక్కకు నెట్టి మరీ వెళ్తాడు.

సొంతంగా పాటలు చేసుకునే కుర్రకారు ఆల్బంలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. మసకబారిన కిటికీ, ఖాళీ కుర్చీ, చీమ తలకాయంత అక్షరాల్లో పాడినవాళ్ళ పేరు. వాళ్ళకు ఈ వంకర తెగ నచ్చేసింది. మిగతా డిజైనర్లు కూడా స్కేళ్ళు పక్కన పడేసి, చెమటోడ్చి వంకరలు దిద్దడం మొదలుపెట్టారు.

అంతా బాగానే ఉంది గాని, బాబాయ్ వాళ్ళన్న కూతురి మొదటి ఆల్బం దగ్గర పేచీ వచ్చింది. మూడేళ్ళు గొంతు అరగదీసుకుని చేసిన పాటలు. అట్ట చూసి ఆల్బంలు అమ్మే షాపాయన మొహం చిట్లించాడు.

"అంచులు సరిచేయించుకు రామ్మా. ఇలా అయితే నా షాపులో పెట్టను."

ఆమె పరుగున బాబాయ్ దగ్గరికి వెళ్ళింది.

"నా ఒక్కదానికైనా తిన్నగా కోయించు బాబాయ్!"

"కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"తిన్నగా కావాలంటే విజిటింగ్ కార్డు వేయించుకో. ఇది పాట!"

"షాపాయన ఒప్పుకోవట్లేదు."

"వాడి మొహం! వాడి షాపు గుమ్మమే వంకర. వెళ్ళి చూడు."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తాడోపేడో తేల్చుకుందామని తిన్నగా ప్రెస్సుకే వెళ్ళింది.

కటింగ్ మిషను దగ్గర ముసలి మేస్త్రీ ఆమె అట్టల కట్టనే సర్దుతున్నాడు. కుడిచెయ్యి వణుకుతోంది. ఎడంచేత్తో ఆ మణికట్టును అదిమి పట్టుకుని కత్తి దించాడు. అయినా కట్ట కాస్త జరిగింది. పక్కనే ఆర్డరు కాగితం మీద బాబాయ్ దస్తూరీ: "కోత వంకరగానే ఉండవలెను." దాని కింద సంతకం.

యజమాని ఎదురొచ్చాడు.

"ఏమ్మా, కోతలో తప్పొచ్చిందా? మీ బాబాయ్ పని తప్ప ఈయనకి ఇంకేదీ ఇవ్వడం లేదు. వంకరే కావాలని ఆయన రాసిస్తాడు కాబట్టి ఊరుకున్నాను. నువ్వు తప్పంటే చెప్పు, ఇవాళే ఇంటికి పంపించేస్తా."

మేస్త్రీ తలెత్తలేదు. ఆమెకు ఇన్నాళ్ళూ నోరు విప్పనందుకు బాబాయ్ మీద కోపం, ఆ వెంటనే పట్టలేనంత ప్రేమ. మూడేళ్ళ కష్టం, షాపాయన చిట్లించిన మొహం కళ్ళ ముందు మెదిలాయి. ఆమె గొంతు పెంచింది.

"తప్పేంటండీ? ఇంకాస్త వంకర ఉండాలని చెప్పడానికొచ్చాను!"

అక్కడి నుంచే షాపాయనకు ఫోన్ చేసింది.

"సరిచెయ్యడం కుదరదండీ. మీరు పెట్టకపోతే మానెయ్యండి. పాడిన చోటల్లా నేనే అమ్ముకుంటా!"

అప్పుడే లోపలికొచ్చిన బాబాయ్ ఆ మాట విన్నాడు, విననట్టు నటించాడు. కట్టలోంచి ఓ అట్ట తీసి, కళ్ళద్దాలు సవరించుకుని, యజమాని వినేలా గావుకేక పెట్టాడు.

"ఏం మేస్త్రీ! ఇది తిన్నగా తెగిందేంటయ్యా?"

"పొరపాటైంది బాబూ. ఎందుకో చెయ్యి కుదురుగా ఉండిపోయింది."

"నా పరువు తీస్తావా? మళ్ళీ కొయ్యి!"

మేస్త్రీ పడీపడీ నవ్వుతూ కోశాడు. ఈసారి అంచు ఎంత వంకర పోయిందంటే, బాబాయ్ కూడా ఓ క్షణం కంగారుపడ్డాడు.