వరప్రసాదం తిరిగి ఇవ్వని గిటారు

రైసుమిల్లు గుమస్తా వరప్రసాదం దేవుడి గిటారును ఎత్తుకుపోయాడని రేపల్లెలో ఒక మాట ఉంది. స్టేషను దగ్గర అది మామూలు గిటారే. మార్కెట్టు దాకా వచ్చేసరికి వెండి గిటారు అవుతుంది. బస్టాండు చేరేసరికి గుడిగంట కూడా పోయిందంటారు. గంట ఎక్కడికీ పోలేదు, ఆదివారం ఆదివారం మోగుతూనే ఉంది. గిటారు వెండిది కాదు, కొయ్యది. దేవుడిదీ కాదు. వరప్రసాదం తన సొంత డబ్బుతో బాపట్లలో కొన్నది. కొన్నప్పుడు పక్కన సుందరమ్మ కూర్చునే ఉంది కాబట్టి ఇందులో సందేహానికి చోటు లేదు.

సుందరమ్మది వరప్రసాదం ఇంటికి రెండిళ్ళ అవతల ఇల్లు. ఆ వీధిలో ఎవరికి ఉత్తరం వచ్చినా, అది అందుకోవలసినవాళ్ళ కంటే ముందు ఆవిడకే తెలుస్తుంది. అలాగని ఎవరినీ సూటిగా ఏదీ అడగదు. ఒకరింట్లో జబ్బు ఉందేమో తెలియాలంటే ముందు వాళ్ళ పాలవాడిని పలకరిస్తుంది, తరవాత చాకలిని పలకరిస్తుంది, ఆఖరికి ఆ ఇంటికే వెళ్ళి చింతపండు ధర గురించి మాట్లాడి వస్తుంది. వచ్చేసరికి జబ్బు పేరు, మందు పేరు, డాక్టరు పేరు ఆవిడ కొంగున ఉంటాయి.

వరప్రసాదం సంగతి ఆవిడకు అలాగే తెలిసింది. కుర్రతనంలో అతను విమానదళంలో సామాన్ల గుమస్తాగా బెంగుళూరులో ఎనిమిదేళ్ళు పనిచేశాడు. అక్కడ ఒక హోటల్లో గోవా ఆయన ఒకడు గిటారు వాయించేవాడు. వరప్రసాదం సెలవురోజుల్లో వెళ్ళి ఆయన దగ్గర జాజ్ నేర్చుకున్నాడు. యాభైతొమ్మిదిలో తండ్రి పోతే ఉద్యోగం వదిలి రేపల్లె వచ్చి, జగన్నాథరావుగారి మిల్లులో గుమస్తాగా చేరాడు. అతను వెళ్ళే లూథరన్ గుడిలో కీర్తనలకు వాయించడానికి ఒక మామూలు గిటారు ఉంది. కానీ అతనికి కావలసింది అది కాదు. ఆ గోవా ఆయన దగ్గర ఉన్నటువంటిది, లోపల డొల్లగా ఉండి, పైన పొట్ట కాస్త ఉబ్బి, కరెంటుతో పలికే గిటారు కావాలి. పదకొండేళ్ళుగా కావాలి. జీతంలో నెలకింత పక్కన పెడుతున్నాడని అతని భార్య విజయమ్మ చెప్పలేదు. కానీ విజయమ్మ మూడేళ్ళుగా కొత్త చీర కట్టలేదు. సుందరమ్మకు ఆ మాత్రం చాలు.

డెబ్భైలో, కార్తీక మాసం చివర్లో, వరప్రసాదం తెనాలి వెళ్ళే పాసింజరు ఎక్కాడు. ఎదురు బల్ల మీద సుందరమ్మ కూర్చుని ఉంది.

"ఎక్కడికి పిన్నిగారూ?"

"కళ్ళజోడుకి నాయనా. నువ్వెక్కడికి?"

"చిన్న పని మీదండి."

"రేడియో షాపు బసవేశ్వరరావు దగ్గరికేనా?"

వరప్రసాదం కిటికీలోంచి పొలాలు చూశాడు. ఆవిడకు అది జవాబే.

బసవేశ్వరరావు తెనాలిలో రేడియోలు బాగుచేస్తాడు, పెళ్ళిళ్ళకు మైకులు అద్దెకిస్తాడు. ఆయన షాపులో ఒక గిటారు మేకుకు వేలాడుతోంది. ఎర్రగా, పలచగా, దర్వాజా చెక్కలా ఉంది. కొత్తది. రెండువందల నలభై అన్నాడు.

వరప్రసాదం దాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండు తీగలు మీటి, వెనక్కి తిప్పి చూశాడు. "లోపల డొల్ల లేదండి."

"డొల్ల ఎందుకండీ? బీరువా కొంటున్నారా?"

"ఇది గట్టి చెక్క. అరుస్తుంది. నాకు మాట్లాడేది కావాలి."

"మాట్లాడేదైతే రేడియో తీసుకోండి. మూడు బ్యాండ్లు."

కళ్ళజోడు కోసం వచ్చిన సుందరమ్మ షాపు మధ్యలో స్టూలు మీద కూర్చుని ఉంది. "ఆ ఎరుపు వెలుస్తుందా బాబూ?" అంది.

"అయిదేళ్ళు గ్యారంటీ అమ్మగారూ."

"రంగుకా, గిటారుకా?"

"షాపుకండి. అయిదేళ్ళు ఇక్కడే ఉంటాను."

వరప్రసాదం గిటారును మళ్ళీ మేకుకు తగిలించాడు. చేతిలో మూడువందల పాతిక ఉంది. మద్రాసులో తను అడిగిన రకం కొత్తది కొనాలంటే అది నాలుగోవంతుకు కూడా చాలదు. రెండువందల నలభై ఇచ్చేసి ఎర్రదాన్ని పట్టుకుపోతే విజయమ్మకు చీర కూడా వస్తుంది. అతను గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ ఇంతసేపు తటపటాయించగా సుందరమ్మ చూడలేదు.

బసవేశ్వరరావుకు జాలేసింది. "అంత పంతమైతే బాపట్ల వెళ్ళండి. రైలు గార్డుగా చేసి పోయిన దొరగారి భార్య అక్కడుంది. రేడియో బాగుచేయడానికి వెళ్ళినప్పుడు చూశాను. డొల్లదే. ఇంత లావుంది. అమ్ముతుందో లేదో నాకు తెలీదు."

బాపట్లలో తన ఆడపడుచును చూసి నాలుగేళ్ళయిందని సుందరమ్మకు అప్పుడే గుర్తొచ్చింది.

ఆ తరవాతి ఆదివారం ఇద్దరూ బాపట్లలో గార్డు దొరసాని వరండాలో కూర్చున్నారు. ఆడపడుచు ఇంటికి తరవాత వెళ్ళవచ్చు, అదెక్కడికీ పోదు. దొరసాని లోపల్నుంచి గిటారు తెచ్చింది. తేనె రంగు. పొట్ట మీద పాము మెలికల్లాంటి కన్నాలు రెండు ఉన్నాయి. పక్క అంచున జానెడు బీట ఉంది. శబ్దం పెంచే బిరడా ఒకటి ఊడిపోతే ఆ చోట సోడాసీసా మూత అంటించారు.

సుందరమ్మ ముందుకు వంగి, కుండను చూసినట్టు వేలి కణుపుతో పొట్ట మీద కొట్టింది. "ఖంగుమనడం లేదు నాయనా. బీట కుండ."

"కుండ కాదు పిన్నిగారూ."

"ఏదైనా కొట్టి చూసే కొనాలి."

దొరసాని వైరు తెచ్చి రేడియో వెనకాల గ్రామఫోను తగిలించే రంధ్రంలో పెట్టింది. గిటారు శబ్దం రేడియోలోంచి వచ్చింది. పక్కగదిలో తలుపు ఓరగా వేసి ఎవరో పెద్దమనిషి మాట్లాడుతున్నట్టుంది. వరప్రసాదం ఏదో పాట మొదలుపెట్టాడు. సుందరమ్మ శ్రద్ధగా విన్నది. ఆ పాట తిన్నగా ఇంటికి పోలేదు. వీధి చివరిదాకా వెళ్ళి, ఎవరినో పలకరించి, పక్క సందులోకి తిరిగి, అక్కడేదో చూసి, ఇక రాదనుకుంటుండగా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడకు అందులో తప్పేమీ కనిపించలేదు.

"నాలుగువందలు చెబుదామనుకున్నా," అంది దొరసాని రైలు తెలుగులో. "అది వాయించడం రానివాడికి. నీకు మూడువందలు."

వరప్రసాదం లెక్కపెట్టకుండానే డబ్బు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె లెక్కపెట్టి పాతిక వెనక్కి ఇచ్చింది.

సరిగ్గా అప్పుడే వాన పట్టుకుంది. గిటారుకు పెట్టె లేదు. తడి తగిలితే డొల్ల కొయ్య ఉబ్బి ఆ బీట పెద్దదవుతుందని వరప్రసాదం భయం. తనకు గొడుగు ఉన్నా గిటారును రైల్లోకీ బస్సులోకీ తీసుకెళ్ళడానికి ఒప్పుకోలేదు. దొరసానే ఉపాయం చెప్పింది. ఆసుపత్రిలో కుమారి అనే నర్సు ఉంది. రేపల్లె పిల్లే. కోత పండుగకు ఊరికి వస్తుంది. ఆ రోజు ఆకాశం తేటగా ఉంటే ఆమెతో పంపిస్తుంది. వరప్రసాదం గిటారును దుప్పట్లో తనే చుట్టి, ముడి వేసి, ముడి విప్పి, ఇంకోసారి చూసి, మళ్ళీ చుట్టి వచ్చాడు.

రేపల్లెలో లూథరన్ గుడివాళ్ళ కోత పండుగ అంటే మిగతా ఊరు కూడా వస్తుంది. కొత్త పంట ఇంటికి వచ్చినప్పుడు ఆ రోజు ఎవరూ ఉత్తచేతులతో గుడిలో అడుగుపెట్టరు. ధాన్యం, గుమ్మడికాయ, కోడి, చెరకుగడ, ఏది ఉంటే అది తెచ్చి బలిపీఠం మెట్ల మీద పెడతారు. ఆరాధన అయ్యాక బయట పందిట్లో అవన్నీ వేలం వేస్తారు. వేలంలో ఒక మర్యాద ఉంది. గెలిచినవాడు డబ్బు కట్టి, వస్తువును ఒక్కసారైనా "మళ్ళీ కానుక" అని తిరిగి ఇచ్చేస్తాడు. దాన్ని మళ్ళీ పాడతారు. ఆ ఏడు ఒక్క నిమ్మకాయ పదకొండు చేతులు మారి, ఆఖరికి పాస్టరు అయ్యగారి మజ్జిగలోకి చేరింది. తీసుకున్న మొదటిసారే ఇంటికి పట్టుకుపోయినవాడు అంతవరకు ఎవడూ లేడు.

కుమారి గుడికి వచ్చేసరికి ఆరాధన మొదలైపోయింది. వరప్రసాదం పాటలవాళ్ళ మధ్య, గుమ్మానికి వీపు పెట్టి వాయిస్తున్నాడు. కుమారి చేతిలో దుప్పటి మూట ఉంది. గుమ్మం దగ్గర నిలబడ్డ పెద్దావిడ ఏమీ అడగలేదు. పండుగనాడు మూటతో వచ్చినవాళ్ళను ఏమని అడుగుతారు? రెండు చేతులా అందుకుని తీసుకెళ్ళి, గుమ్మడికాయల పక్కన పెట్టింది. ప్రార్థన జరుగుతుంటే కుమారి మాట్లాడలేక కూర్చుండిపోయింది. గుడివాళ్ళ చేతికే ఇచ్చాను కదా, ఆయనకే చేరుతుందనుకుని, ఆరాధన అవగానే ఇంటికి వెళ్ళి అన్నం తిని మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయింది.

సుందరమ్మ ఏటా వచ్చినట్టే గుమ్మడికాయ కోసం వేలానికి వచ్చింది. హెడ్మాస్టరు యేసుదాసుగారు పాట పెడుతున్నారు. కోళ్ళయ్యాయి, గుమ్మడికాయలయ్యాయి. ఆయన దుప్పటి ముడి విప్పారు. తేనె రంగు పొట్ట ఎండలో మెరిసింది.

సుందరమ్మ లేచి నిలబడింది. "ఇదేంటి, అది మన..."

పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డ వరప్రసాదం ఆవిడకేసి చూసి తల అడ్డంగా ఊపాడు. ఆవిడ నోరు మూసుకుంది. ఇది కూడా ఆ ఊళ్ళో అంతకుముందు జరగని విషయమే.

"ఎవరో పుణ్యాత్ములు తెచ్చారు," అన్నారు యేసుదాసుగారు పొట్ట మీద తడుతూ. "లోపల డొల్ల. బరువు లేదు. ఆడవాళ్ళయినా మోయొచ్చు. పాడండి!"

"పది," అన్నాడు నిజాంపట్నం చేపల వ్యాపారి.

"పన్నెండు. అందులో కోడిని పొదగేస్తా!"

"ఆ కన్నంలో నీ కోడి పడుతుందంట్రా? పదిహేను!"

మిల్లు యజమాని జగన్నాథరావుగారు ముందు వరసలో, అతిథులకు వేసిన కుర్చీలో ఉన్నారు. "ఏంటండీ అది? వీణా?"

"వీణ వరసేనండి."

"అయితే పాతిక."

"ముప్ఫై," అన్నాడు వరప్రసాదం.

జనం నవ్వారు. జగన్నాథరావుగారు వెనక్కి తిరిగి చూసి నలభై అన్నారు. చేపల వ్యాపారి నలభై అయిదన్నాడు. వరప్రసాదం యాభై అన్నాడు. అతని జేబులో దొరసాని వెనక్కిచ్చిన పాతిక, ఆ నెల బియ్యానికి ఉంచిన నలభై ఉన్నాయి. సుందరమ్మకు అది తెలుసు. ఆవిడ వేళ్ళు కొంగు చివర ముడి వేస్తున్నాయి, విప్పుతున్నాయి.

"అరవై," అన్నారు జగన్నాథరావుగారు.

"అరవై ఒకటండి."

యజమాని మీద ఒక రూపాయి పాడిన గుమస్తాను అందరూ చూశారు. జగన్నాథరావుగారు కండువా సర్దుకున్నారు. "సరేలేవయ్యా. మావాడే కదా. నేనాపేస్తున్నా."

ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. వరప్రసాదం డబ్బు కట్టి గిటారు అందుకున్నాడు. చప్పట్లు కొట్టారు. యేసుదాసుగారు చెయ్యి చాచి, చిరునవ్వుతో నిలబడ్డారు. జగన్నాథరావుగారు రెండో పాటకు సిద్ధమై కుర్చీలో ముందుకు జరిగారు.

"మళ్ళీ కానుక అను ప్రసాదం," అన్నారు యేసుదాసుగారు మెల్లగా.

"ఇంటికి పట్టుకెళ్తానండి."

"ఒక్కసారి అనవయ్యా. మర్యాద."

"అనలేనండి."

చప్పట్లు ఆగిపోయాయి. వరప్రసాదం దుప్పటి కూడా తీసుకుని, వేలంలో ఎవరో గెలిచిన కోళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని వెళ్ళిపోయాడు. సుందరమ్మ ఆ ఏడు గుమ్మడికాయ కొనలేదు.

రేపల్లెలో మాట పుట్టింది ఆ పందిట్లోనే. మరుసటి ఏడు సంఘపెద్దల్లో వరప్రసాదం పేరు రాసినవాళ్ళు దాన్ని కొట్టేశారు. కుమారికి ఆలస్యంగా తెలిసి ఏడుస్తూ వచ్చింది. వరప్రసాదం ఆమెకు టీ ఇచ్చి, ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకున్నాడు. శనివారం సాయంత్రాలు అతని ఇంటి రేడియోలోంచి గిటారు మాట్లాడేది. విజయమ్మకు చీర ఇంకో రెండేళ్ళకు వచ్చింది. చామంతి రంగుది.

సుందరమ్మ తన పద్ధతిలో తను అడుగుతూనే ఉంది. విజయమ్మతో చింతపండు ధర మాట్లాడింది. అయ్యగారి వంటమనిషిని పలకరించింది. కుమారి తన నాడి చూస్తుండగా కుమారి నాడి తను చూసింది. గిటారు అతనిదేనన్నది అందరికంటే ముందు తనకే తెలుసు. ఒక్క మాట అంటే పోయేదానికి, బియ్యం డబ్బు కట్టి, మాట పడి, అతను ఎందుకు ఊరుకున్నాడన్నది మాత్రం ఎవరి దగ్గరా దొరకలేదు.

అలా ఆరేళ్ళు గడిచాయి. డెబ్భైఆరులో ఒకరోజు ఆవిడ అమృతలూరు నుంచి బస్సులో వస్తోంది. పక్క సీటులో ముక్కూ మొహం తెలియని మనిషి, రేపల్లెలో ఎవరో గుమస్తా వెండి గిటారూ, గుడిగంటా పట్టుకుపోయాడని చెప్పింది. గంట నాలుక మాత్రం దొరికిందట.

సుందరమ్మ బస్సు దిగి ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా వరప్రసాదం వరండాలోకి వచ్చింది. అతను గిటారు ఒళ్ళో పెట్టుకుని తీగ బిగిస్తున్నాడు. ఆవిడ కూర్చోలేదు, మంచినీళ్ళు అడగలేదు, చింతపండు ఊసెత్తలేదు.

"ప్రసాదం, అది నీదేనని ఆ రోజు ఎందుకు చెప్పలేదురా?"

అతను తీగ మీటి, చెవి దగ్గర పెట్టుకుని, ఇంకాస్త బిగించాడు.

"పదకొండేళ్ళు నేనొక్కణ్ణే కావాలనుకున్నాను పిన్నిగారూ. ఆ రోజు ఊరంతా నాకు కావాలి, నాకు కావాలి అంటోంది. కాసేపు విందామనిపించింది. జగన్నాథరావుగారే మరీ తొందరగా ఆపేశారు."