ఇంకా లాగుద్ది

జంగారెడ్డిగూడెంలో బైకు ఉన్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు మెకానిక్ వెంకటరాజు నోట ఆ మాట విన్నవాడే. ఇప్పుడు ఆయన అనడం మానేశాడు గానీ, ముప్పయ్యేళ్ళ పాటు ఆ షెడ్డులో ఎక్కువసార్లు వినబడ్డ మాట అదే. చైను వదులైందని వెళ్ళినా, టైరు అరిగిందని వెళ్ళినా ఆయన ముందు బండిని చూసేవాడు కాదు, మనిషిని చూసేవాడు. చొక్కా కాలరు చూసేవాడు, కాళ్ళకున్న చెప్పులు చూసేవాడు. తర్వాత గొంతుకూర్చుని బండిని అక్కడా ఇక్కడా నొక్కి, "ఇంకా లాగుద్దిలెండి" అనేవాడు. వచ్చినవాడి మొహం విచ్చుకునేది. షోరూముల్లో వాళ్ళకి ఆ మాట నేర్పరు. వాళ్ళకి వచ్చిందల్లా "మార్చాలి సార్" ఒక్కటే. అందుకే ఏలూరు రోడ్డులో ఎన్ని షోరూములు వెలిసినా ఆ రేకుల షెడ్డు ముందు బళ్ళు తగ్గలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊరు ఆయనకి మంచిదిగానే ఉండేది.

అలాగని ఆయనకి పొగరు లేదనుకుంటే పొరపాటే. కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలిగినవాడికి ఉండాల్సినంత పొగరు ఉంది. కంప్యూటరు తగిలించి బండిని పరీక్ష చేస్తారంటే ఆయనకి నవ్వులాట. "జొరమొస్తే చెయ్యేసి చూడాలి గానీ, ఫోటోలు తీస్తారేంటండీ" అనేవాడు. కొత్త బళ్ళకి ఏబీఎస్ బ్రేకులొచ్చిన కొత్తలో మాత్రం ఏలూరులో మెకానిక్కులకి ఒకరోజు క్లాసు పెడితే వెళ్ళొచ్చాడు. ఎంత గట్టిగా బ్రేకు నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా, పట్టి వదిలి, పట్టి వదిలి ఆపడమే దాని పని అని బాగానే బుర్రకెక్కింది. అది బ్యాటరీ కరెంటు మీద బతుకుతుందని, బ్యాటరీ నీరసపడితే తనంతట తనే పక్కకి తప్పుకుంటుందని కూడా చెప్పారు. అది భోజనాలయ్యాక చెప్పారు. పప్పుచారు బాగుందనీ, మధ్యాహ్నం క్లాసంతా తను కునుకు తీశాననీ తర్వాత ఆయనే నవ్వుతూ అందరికీ చెప్పుకున్నాడు.

విజయ్ పాల్ మాస్టారి బండి కొన్నప్పటినుంచీ వెంకటరాజు చేతిలోనే ఉంది. మాస్టారు ఆదివారం లూథరన్ చర్చిలో పాటలు పాడించేవాడు. మిగతా రోజులు పన్నెండు కిలోమీటర్ల అవతల ఊళ్ళో పిల్లలకి లెక్కలు చెప్పేవాడు. దారి పొడుగునా పామాయిల్ తోటలే. పోయిన జూలైలో ఓ సాయంత్రం బడి నుంచి తిన్నగా షెడ్డుకొచ్చాడు.

"బాబాయ్ గారూ, ఈ ఏబీఎస్ లైటు ఆరట్లేదండి. బండి కదలగానే ఆరిపోవాలి కదా?"

వెంకటరాజు సెల్ఫు నొక్కాడు. ఇంజను మూలిగి మూలిగి అందుకుంది.

"బ్యాటరీ వీకయ్యింది మాస్టారూ. లైటు దానికోసం ఏడుస్తోంది, అంతే. బ్రేకు బ్రేకే."

ఒక పూట ఛార్జింగులో పెట్టి ఇచ్చాడు. లైటు ఆరింది. నాలుగో రోజుకి మళ్ళీ వెలిగింది. మాస్టారు మళ్ళీ వచ్చాడు.

"పోనీ బ్యాటరీ మార్చేద్దామాండి?"

వెంకటరాజు ఆయన చెప్పులు చూశాడు. ఒకదానికి బొటనవేలి ఉంగరం దగ్గర కుట్టు వేయించి ఉంది. బడులు తెరిచిన రోజులు, ఇంట్లో ఇద్దరు చదువుకునే పిల్లలు. "ఇంకా లాగుద్దిలెండి. దసరా వెళ్ళాక చూద్దాం" అన్నాడు.

"లాగుద్ది గానీ, ఈ లైటు కళ్ళల్లో పొడుస్తోందండి."

వెంకటరాజు నల్ల టేపు గోరంత ముక్క చింపి లైటు మీద అంటించాడు. "ఇంక పొడవదు" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. పాత బళ్ళలో బ్యాటరీ నీరసపడితే హారన్ గొంతు తగ్గేది, లైటు మసకబారేది, అంతకు మించి ఏమయ్యేది కాదు. ఆయన చేతులు ఆ బళ్ళ మీద పెరిగినవి.

ఆగస్టు ఆఖరి వారంలో ఓ ఉదయం సన్నగా జల్లు పడుతోంది. పామాయిల్ గెలలు మోసే ట్రాక్టర్ల నుంచి రాలిన కాయలు చక్రాల కింద నలిగి రోడ్డు జిడ్డుగా ఉంది. తోటలోంచి ఓ ట్రాక్టరు రోడ్డెక్కింది. ఎదురుగా బడికి వెళుతున్న మాస్టారు బ్రేకు నొక్కాడు. బండి ఆగలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే ఆయన పోయాడు.

ట్రాక్టరు నడిపిన చిట్టియ్య కూడా వెంకటరాజు దగ్గరికి వచ్చేవాడే. నెల తర్వాత షెడ్డులో కూర్చుని చెప్పాడు. "ముందు చక్రం తాడేసి కట్టేసినట్టు ఆగిపోయింది రాజుగారూ. తిరగలేదు. అలాగే జారుకుంటా వచ్చేశారు."

ఆ మాట విన్న తర్వాత వెంకటరాజుకి ఏలూరులో నిద్రమత్తులో చెవిన పడ్డ మాటలు ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలుపెట్టాయి. ఇక ఆయనకి మిగిలింది ఒకే ఒక్క ఆశ. ఏబీఎస్ యంత్రమే లోపల కాలిపోయి ఉండొచ్చు. చక్రం దగ్గరి వైరు ఎక్కడో తెగి ఉండొచ్చు. అలాగైతే కొత్త బ్యాటరీ వేసినా ఆ లైటు ఆరేది కాదు, చక్రం బిగుసుకునే తీరేది. ఒక బండి బాగుచేయడానికి వీల్లేనంతగా పాడైపోయి ఉండాలని ఆయన కోరుకోవడం ముప్పయ్యేళ్ళలో అదే మొదటిసారి.

బండి పోలీస్ స్టేషను ఆవరణలో ఎండకి ఎండి మంచుకి తడిసి, జనవరిలో గానీ బయటికి రాలేదు. మాస్టారి భార్య రెబెక్కా దాన్ని ట్రాలీ ఆటోలో వేయించుకుని తిన్నగా షెడ్డుకే తెచ్చింది.

"మా తమ్ముడు వాడుకుంటానన్నాడండి. మీరు చూశాక గానీ ఇవ్వకూడదనుకున్నాను బాబాయ్ గారూ. ఆయనకి మీరంటే గురి."

వెంకటరాజు తల ఎత్తలేదు. ఆమెకి కుర్చీ వేసి పనిలో పడ్డాడు. వంగిన హ్యాండిల్ సరిచేశాడు. చక్రం దగ్గర మొదలుపెట్టి వైరు పొడుగునా వేలితో తడుముకుంటూ వెళ్ళాడు. ఎక్కడా తెగలేదు. కొత్త బ్యాటరీ తెచ్చి బిగించాడు. మీటరు మీద నల్ల టేపు ముక్క ఇంకా అలాగే ఉంది, వానకి కూడా ఊడలేదు. గోటితో పెకలించాడు. తాళం తిప్పితే ఏబీఎస్ లైటు పసుప్పచ్చగా వెలిగింది. కదిలే దాకా అది వెలగాల్సిందే.

ఆయన బండెక్కి మెల్లగా సందులోకి పోనిచ్చాడు. చూపు రోడ్డు మీద లేదు, లైటు మీదే ఉంది. ఆరొద్దు తల్లీ, ఆరొద్దు అని లోపల మొక్కుకున్నాడు. కిళ్ళీకొట్టు దాటకుండానే లైటు ఆరిపోయింది.

తాళం తీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ నడిపాడు. మళ్ళీ ఆరింది. మూడోసారీ ఆరింది. మాస్టారి బండి నిక్షేపంగా ఉంది.

తిరిగొచ్చి బండి స్టాండు వేసి తాళం తీశాడు. రెబెక్కా లేచి నిలబడింది. "ఏమైందండి దానికి?"

"ఏం కాలేదమ్మా. అన్నీ బాగానే ఉన్నాయి. బ్యాటరీ ఒక్కటే పోయింది."

"బ్యాటరీయేనా, నయం" అందామె. అని, బండి వంక చూసింది. "మరి ఆ రోజు కూడా అదేనాండి?"

వాన అని చెప్పొచ్చు. పామాయిల్ కాయలని చెప్పొచ్చు. చెబితే ఆమె నమ్ముతుంది. పోయినాయన కూడా నమ్మాడు.

"అదేనమ్మా. మార్చేద్దామా అని ఆయన అడిగారు. ఇంకా లాగుద్దని నేనే అన్నాను. లైటు కనబడకుండా టేపు కూడా నేనే వేశాను."

టేపు ముక్క ఆయన బొటనవేలికే అంటుకుని ఉంది. రెబెక్కా దాన్ని చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకి అనిపించింది.

"షోరూములో కూడా చూపించండని నేనన్నానండి" అందామె మెల్లగా. "బాబాయ్ గారు చూశాక ఇంకేంటి అన్నారాయన."

చున్నీ నడుముకి బిగించి, స్టాండు తీసి, హ్యాండిల్ పట్టుకుని బండిని రోడ్డు వైపు తోయడం మొదలుపెట్టింది. వెంకటరాజు అలవాటుగా వెళ్ళి వెనక సీటు కింద చెయ్యి వేశాడు.

"వద్దండి. నేను తోసుకుంటాను" అంది ఆమె, వెనక్కి తిరగకుండా.

ఒక్క నొక్కుకి స్టార్టయ్యే బండిని ఆమె ఎండలో తోసుకుంటూ చర్చి వైపు వెళ్ళింది. తాళం ఆయన చేతిలోనే ఉండిపోయింది. వెనకాల వెళ్ళి ఇవ్వాలి. ఆయన షెడ్డు దాటలేదు.